కృపాదానం మేస్త్రి మేకులు

బ్రాడీపేట నాలుగో లైనులో
జిరాక్సు షాపు పక్క సందు,
మెట్ల కింద ఆరడుగుల కొట్టు.
నేను తీసుకెళ్ళింది రెండు ముక్కలు:
ఒక చేతిలో గిటారు, ఇంకో చేతిలో దాని తల.
తీగలు మాత్రం రెంటినీ ఇంకా వదల్లేదు.

మేస్త్రి కళ్ళద్దాలు నుదుటికెత్తి
"తెనాలి పెళ్ళిలోనా?" అన్నాడు.
"కాదండీ, చర్చి మెట్ల మీద."
"ఎక్కడైనా ఒకటే. వెనక్కి వాలిన తల
వెల్లకిలా పడితే దక్కదు.
ఇది మూడోసారి. జిగురు మీద జిగురు పట్టదు.
కొత్త తల వెయ్యాలి."

గోడ నిండా మేకులు, మేకుకొక తల.
ఎక్స్‌రే ఫిల్ముల్లోంచి కోసిన అచ్చులు.
పెద్దాసుపత్రిలో వాళ్ళ బావ అటెండరట;
ఎవరూ పట్టుకెళ్ళని ఛాతీలు, మోకాళ్ళు
బస్తాలో ఇక్కడికొచ్చేవి.
కత్తెర దేన్నీ చూసి కొయ్యదు కదా,
ప్రతి వంపులోనూ ఎవరిదో ఒక ఎముక.

మొదటి మేకు: అటు మూడు బిరడలు, ఇటు మూడు,
విప్పిపెట్టిన పుస్తకంలా నడుమ చిన్న పల్లం.
"మర్యాదస్తుడి తల. పాపిడి చూడు."

రెండోదానికి ఆరు బిరడలూ ఒకే వైపు,
బస్సు కిటికీల్లోంచి మొహాలు బయటపెట్టిన
స్కూలు పిల్లల్లా.

తర్వాతది అదే తల, కానీ వాచింది.
"గవదబిళ్ళలా?" అన్నాను.
"పేరు కోసం. ఆఖరి వరసలో కూర్చున్నవాడికీ
కంపెనీ పేరు కనపడొద్దూ?
తలకాయ పెరిగేది అందుకే, ఎవడికైనా."

నాలుగో మేకు దగ్గర నోరు తెరవబోతే ఆపాడు:
"గుంటూరులో అందరూ దీన్ని మిరపకాయే అంటారు. నువ్వనకు."
సరే, అనలేదు.
కిందికి వంగిన మొన. జేబులో పెడితే జేబు చించే మొన.
ఎక్కడో ఎనభైల్లో పుట్టి
మన ఊళ్ళో తొంభై అయిదులో దిగింది.
జుట్టు పెంచిన కుర్రాళ్ళు
ఇంజనీరింగు నోట్సు వెనకపేజీలో గీసుకొచ్చేవాళ్ళట.
రెండేళ్ళకి దాన్నే తిరగేసి కొట్టమన్నారు,
బిరడలు నేల వైపుకి.
"ఎందుకురా అంటే కొత్తగా ఉంటుందన్నారు.
చొక్కా తిరగేసి తొడుక్కున్నా కొత్తే."

"అన్నీ ఫొటోలు చూసి గీసినవే.
ఫొటో పక్కనించి తీస్తే
నా తలా పక్కకి పోయేది.
ఆ వంకరే కావాలని ఒంగోలు నించి వచ్చేవాళ్ళు,
తెలుసా?"

చివరి మేకు ఖాళీ.
"మొన్నొక కుర్రాడు తెచ్చాడు. తలే లేదు దానికి.
మాట మధ్యలో కరెంటు పోయినట్టు
మెడ అక్కడికి ఆగిపోయింది. బిరడలన్నీ పొట్ట దగ్గర.
పడినా విరగదు. విరగడానికేముంది?
మరి నా దగ్గరికెందుకయ్యా అంటే
బ్యాగు జిప్పు ఊడిందన్నాడు."
జిప్పు కుట్టి పంపాడు. ముప్పై రూపాయలు.

ఎక్స్‌రేలు కూడా ఇప్పుడు ఫోన్లోకే వస్తున్నాయి.
ఉన్న కట్ట అయిపోతే కేలండరు అట్టేనట.
అట్టకి ఎముకలుండవు.

"ఏ తల కావాలి?"
చెప్పుల షాపులో కాలు పెట్టి చూసినట్టు
ఇక్కడ పెట్టి చూసుకోవడం కుదరదు.
మొదటి మేకూ రెండో మేకూ కలిపి గీయమన్నాను,
కొస మాత్రం కాస్త పొగరుగా.
ఆయన నవ్వలేదు.
చెవి వెనకనించి పెన్సిలు తీశాడు,
అటక మీది కట్టలోంచి ఒక ఫిల్ము లాగి
తలుపు వైపు ఎత్తిపట్టాడు.

నల్లటి నీళ్ళలోంచి తేలినట్టు
ఒక మెడ. ఏడు పూసలు.
పైన దవడ అంచు, ఏదో చెప్పబోతున్నట్టు.

"ఎవరిదండీ?"
"ఏమో. పేరున్న మూల కోసేసే ఇచ్చేవాడు మా బావ.
జరుగు,
వెలుతురికి అడ్డంగా నిలబడ్డావు."